చిన్న బంతుల సాక్ష్యం

పదకొండు కావస్తుండగా మూడో బంతి కూడా అదే మాట చెప్పింది.

సృజన తెర మీది అంకెను రెండుసార్లు చూసింది. పోయిన నెల ఇదే బంతిలో నలభై నిమిషాలకు ముప్ఫై ఒక్క వేల నూట నలభై న్యూట్రాన్లు నమోదయ్యాయి. ఇవాళ ఇరవై వేల తొమ్మిది వందలు. అంతకు ముందు పెట్టిన రెండు బంతుల్లోనూ ఇదే వరస. మూడో వంతు మాయం.

ఆమె వెనక నిలబడ్డ ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరి శివార్లలో యాప్రాల్ దాటాక ఉన్న ఆ న్యూట్రాన్ కొలతల కేంద్రానికి ఆయనే డైరెక్టర్. ఆమె అక్కడి శాస్త్రవేత్త.

"ఒకటి తగ్గితే పొరపాటు అనుకుందామండీ. మూడూ తగ్గితే ఏమనుకోవాలి?"

ఏమనుకోవాలో ఇద్దరికీ తెలుసు.

కింద గదిలో, మైనం నింపిన ఇనప డ్రమ్ములో, బొటనవేలంత ఉక్కు గొట్టం ఉంది. అందులో అమెరీషియం, బెరీలియం పొడులు కలిపి సీలు వేశారు. అది ఆగకుండా న్యూట్రాన్లు చిమ్ముతూనే ఉంటుంది. తెలియనివాడు జేబులో వేసుకుని తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. తెలిసినవాడు ఎత్తుకుపోతే ఊరంతటికీ ప్రమాదం. గొట్టం ఉన్న తొడుగు సీలు విప్పి గొట్టం మీద నంబరు చూసే అధికారం బయటి నుంచి వచ్చే తనిఖీ అధికారికి మాత్రమే ఉంది. అందుకే ఇక్కడివాళ్ళు నెలకోసారి దాని వర్ణపటం కొలుస్తారు. ఏ వేగంతో ఎన్ని న్యూట్రాన్లు వస్తున్నాయో చూపే గీత అది. మనుషులకు వేలిముద్రలు ఉన్నట్టే ఇలాంటి ప్రతి పదార్థానికీ తనదైన గీత ఉంటుంది.

ఆ గీత గీయడానికి ఆరు తెల్లటి ప్లాస్టిక్ బంతులు. చిన్నవి మూడు, పెద్దవి మూడు. ఒక్కో బంతి నడుమ తొలిచిన గుంతలో ఒకే డిటెక్టర్‌ను మార్చి మార్చి పెట్టి లెక్కిస్తారు. చిన్న బంతులకు నెమ్మదైన న్యూట్రాన్లు ఎక్కువ చిక్కుతాయి. పెద్దవాటికి వేగమైనవి.

గీత మారిందంటే, డ్రమ్ములో ఉన్నది మారిందని అర్థం.

డ్రమ్ము తాళంచెవి ఇరవై ఆరేళ్ళుగా ల్యాబ్ అటెండర్ రాములు మొలతాడుకే ఉంది.

*

రాములు నిలబడి విన్నాడు. యాభై ఏడేళ్ళ మనిషి. బన్సీలాల్‌పేట్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు ఆలస్యంగా వచ్చింది లేదు.

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా రాములూ? ఒక్క గంటకైనా?" ఉదయ్ భాస్కర్ అడిగాడు.

"నా పెండ్లానికి సుత ఇయ్యలే సార్. తానం జేసేటప్పుడు సుత మొలకే ఉంటది."

"మరి లోపలిది ఎలా మారింది?"

"మారిందా? ఏందీ సార్ గిట్ల మాట్లాడుతున్నరు?" రాములు సృజన వైపు తిరిగాడు. "మేడం, నేను దొంగనా?"

మిగతా బంతులూ ఇదే మాట చెబితే సాయంత్రానికి రాములు ఈ ప్రశ్న పోలీస్ స్టేషన్లో అడగాల్సి వస్తుంది.

రాములు చొక్కా ఎత్తి ముడి విప్పాడు. అది ఒక పట్టాన ఊడలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఇగో సార్. మీరే ఉంచుకోండ్రి."

కేంద్రం నిబంధన స్పష్టంగా ఉంది. అనుమానం వచ్చిన మూడు గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. అంటే రెండింటికి. సెక్యూరిటీ ఆఫీసర్ జోగారావు అప్పటికే గేట్లు మూయించి, ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు. రాములును వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నాడు.

"సార్, పెద్ద బంతి ఒక్కటీ పెట్టలేదు ఇంకా," అంది సృజన. "సగం గీత చూసి మనిషిని దొంగ అనొద్దు. నాకు రెండింటి దాకా టైమివ్వండి."

"రెండు దాటితే ఒక్క నిమిషం కూడా ఆగను. తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"అననండి."

రాములు లేకపోవడంతో పన్నెండంగుళాల బంతిని ఆమే ఎత్తాల్సి వచ్చింది. పద్నాలుగు కిలోలు. డిటెక్టర్‌ను గుడ్డతో తుడిచి, గుంతలోకి దింపి, బిరడా మూసి, బంతిని స్టాండు మీదకు చేర్చేసరికి చెమటలు పట్టాయి. తలుపు మూసి పైకి వచ్చి మీట నొక్కింది. కింద గదిలో ఉక్కు గొట్టం డ్రమ్ములోంచి దారం మీద పైకి లేచింది. లెక్క మొదలైంది.

నలభై నిమిషాలు.

కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. రాములు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. భోజనాల గదిలోంచి క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ తగిలిన చప్పుడు. టక్. కాసేపాగి మళ్ళీ టక్. డ్రైవర్ కిషన్ ఒక్కడే ఆడుకుంటున్నాడు. రోజూ ఈ వేళకు అతని ఎదురుగా రాములు ఉంటాడు.

పన్నెండు దాటి ఐదు నిమిషాలకు లెక్క ఆగింది.

పద్దెనిమిది వేల నాలుగు వందల అరవై. పోయిన నెల పద్దెనిమిది వేల ఐదు వందల పది.

సృజన ఊపిరి వదిలింది. "మారలేదు సార్! వేగమైన న్యూట్రాన్లు ఎన్ని రావాలో అన్నే వస్తున్నాయి. అది మనదే."

ఉదయ్ భాస్కర్ ముఖంలో వెలుగు రాలేదు. "మనం నమ్ముతాం. తనిఖీ వాళ్ళు నమ్మొద్దూ? చిన్నవి మూడూ ఎందుకు తగ్గాయని అడుగుతారు. సగం వేలిముద్ర కలిసిందని ఎవరూ ఎవరినీ వదిలిపెట్టరండీ."

నిజమే. గడియారం పన్నెండూ పది.

*

సృజన కుర్చీలో వెనక్కి వాలి రెండు గీతలనూ పక్కపక్కన పెట్టింది. ఎగువ సగం అచ్చు గుద్దినట్టు ఒకటే. దిగువ సగం ఎవరో కొరికినట్టు ఉంది.

ఇలాంటి గీతను ఇంతకు ముందు చూసింది. ఎక్కడ?

ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె న్యూట్రాన్ నక్షత్రాల మీద పని చేసింది. ఊరంత వెడల్పుండే చచ్చిన నక్షత్రం, అందులో సూర్యుడికి మించిన బరువు. దాని దగ్గరికి ఎవరూ పోలేరు. అది పంపే ఎక్స్ కిరణాల వర్ణపటం చూసి, కంప్యూటర్లో నమూనా కట్టి, రెండూ కలిసేదాకా సరిచూసుకోవడమే పని. మొదటి ఏడాది ఆమె చూసిన నక్షత్రానికి తక్కువ శక్తి కిరణాలే లేవు. ఇది ఎవరూ చూడని వింత నక్షత్రమని మూడు నెలలు కష్టపడి రాసింది. గైడ్ కల్పలత మేడం అదంతా చదివి ఒక్క మాట అంది.

"నక్షత్రాన్ని అనే ముందు దారిని చూడమ్మా."

దారిలో ధూళీ వాయువూ ఉన్నాయి. తక్కువ శక్తి కిరణాలను అవే మింగేశాయి. నక్షత్రానికి ఏమీ కాలేదు.

సృజన నిటారుగా కూర్చుంది.

గొట్టం అదే. డిటెక్టర్ అదే. గది అదే. పెద్ద బంతిలో అంకె సరిపోయింది, చిన్నవాటిలో పోయింది. అంటే చిన్న బంతుల లోపల, డిటెక్టర్ చుట్టూ, ఏదో ఉంది. చిక్కిన నెమ్మది న్యూట్రాన్లను డిటెక్టర్ కంటే ముందే అది తినేస్తోంది.

కంప్యూటర్లో చిన్న బంతి నమూనా తెరిచింది. డిటెక్టర్ చుట్టూ పలచని పొర చేర్చింది. ఇనుము పెట్టి చూసింది. అంకె కదల్లేదు. నీళ్ళు పెట్టింది. అదీ కాదు. నెమ్మది న్యూట్రాన్లను ఇట్టే మింగే బోరాన్ ఉన్న పొడి అర మిల్లీమీటరు మందాన పెట్టింది.

ఇరవై వేల ఎనిమిది వందల యాభై. ఇంచుమించు పొద్దుటి అంకే.

టక్, అంది భోజనాల గది.

సృజన లేచి పరుగెత్తింది.

కిషన్ బోర్డు మీద తెల్ల పొడి చల్లి అరచేత్తో రుద్దుతున్నాడు. పక్కన మూత తీసిన రేకు డబ్బా.

"కిషన్, ఇదేం పొడి?"

"బోరిక్ పౌడర్ మేడం. రాములన్న రెజిమెంటల్ బజార్ల తెస్తడు. గా ఆలుగడ్డ పిండి పౌడర్ ఆయనకు నచ్చది. కాయిన్ సక్కగ జారదంటడు."

బోరిక్ అంటే బోరాన్ ఉన్నదే. ఆమె డబ్బా తీసుకుని వరండాలోకి వచ్చింది. జోగారావు లేచి నిలబడ్డాడు. రాములు లేవలేదు.

"కాకా, నిజం చెప్పు. చిన్న బంతులల్ల ఇది పోసినవా?"

రాములు డబ్బా వైపు, ఆమె వైపు చూశాడు. "పోసిన. పోయిన వారం కొత్త బిరడాలు చేపిచ్చినం గదా, చిన్న బంతులకు? మస్తు టైటున్నయి. బిరడాతోని తోస్తె డిటెక్టర్ అడుక్కు దిగుతలేదు. నూనె ముట్టియ్యద్దని మీరే అన్నరు. అందుకే..."

"ఎంత పోసినవ్?"

"జెరంత. ఒక్కో దాంట్ల అర చెంచా ఉంటదేమో." అతని కళ్ళలో పొద్దుటి నుంచి లేని గర్వం ఒక్క క్షణం మెరిసింది. "బోర్డు మీద రెడ్ కాయిన్ పోయినట్టు పోయింది మేడం, డిటెక్టర్."

సృజన నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. గోడకు చెయ్యి ఆనించి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

రాములు బెదిరిపోయాడు. "తప్పయిందా?"

"తప్పే కాకా. కానీ పోలీసులు వచ్చేటంత తప్పు కాదు."

*

ఉదయ్ భాస్కర్ మాత్రం నమ్మలేదు. "నమూనా ఏమైనా చెబుతుందండీ, మనం పెట్టిందే చెబుతుంది. కడిగి చూపించండి."

మూడో బంతిని కడిగారు. సృజన, రాములు, మధ్యలో నీళ్ళ బకెట్, పాత టూత్‌బ్రష్ ఒకటి. పొద్దున డిటెక్టర్ వెళ్ళివచ్చిన గుంత అడుగున, అంచుల్లో పొడి గట్టిగా అణిగిపోయి ఉంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడి వచ్చింది. పెద్ద బంతుల్లో చూస్తే ఏమీ లేదు. వాటి పాత బిరడాలు వదులే కాబట్టి రాములు వాటి జోలికి పోలేదు.

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు మళ్ళీ మీట నొక్కారు.

ఈసారి నలుగురూ తెర ముందే నిలబడ్డారు. అంకె పెరుగుతోంది. పదివేలు. పదిహేను. జోగారావు ఫోన్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇరవై. పొద్దున ఆగిపోయిన ఇరవై వేల తొమ్మిది వందల దగ్గర రాములు కళ్ళు మూసుకున్నాడు.

అంకె ఆగలేదు.

రెండుకు పావుగంట తక్కువగా లెక్క ముగిసింది. ముప్ఫై ఒక్క వేల అరవై రెండు.

"అమ్మయ్య!" అన్నది ఎవరో కాదు, ఉదయ్ భాస్కరే. కుర్చీలో కూలబడి కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత జోగారావు వైపు చూసి చేయి అడ్డంగా ఊపాడు. ఫోన్ జేబులోకి పోయింది.

బల్ల మీది తాళంచెవిని ఆయనే తీశాడు. లేచి వెళ్ళి రెండు చేతులతో అందించాడు.

"రాములు గారూ, ఇది మీ దగ్గరే ఉండాలండీ. పొద్దున నేనన్న మాట మనసులో పెట్టుకోకండి."

ఇరవై ఆరేళ్ళలో ఆ 'గారు' మొదటిసారి. రాములు దాన్ని అందుకున్నాడు. పక్కకు తిరిగి తాళంచెవిని మొలకు కట్టుకున్నాడు. ఈసారి ముడి ఒక్కసారికే పడింది.

"మరి గా బిరడాల టైటు సంగతేంది సార్?"

"లేత్ వాడి దగ్గరికి పంపి కాస్త తీయిద్దాం. మీరు మాత్రం ఇంకేమీ పోయకండి మహాప్రభో!"

అందరూ నవ్వారు. సృజన రిజిస్టర్లో జరిగింది జరిగినట్టు రాసింది. తగ్గుదలకు కారణం అన్న గడిలో 'క్యారమ్ బోర్డు పొడి' అని రాసి, ఒక్క క్షణం ఆగి, కింద సంతకం పెట్టింది. ఇంకా రెండు బంతులు కడగాలి. నాలుగు కొలతలు మిగిలాయి. సాయంత్రం ఆరు దాటుతుంది. అయినా ఆమెకు ఆకలి వేస్తోందని అప్పుడే తెలిసింది.

రాములు తలుపు దగ్గర ఆగాడు.

"అర్ధగంటల వస్త మేడం. పొద్దుగాల నావి రెండు కాయిన్లు, రెడ్డు మిగిలి ఉండె. కిషన్‌గాడు ముట్టుకుంటే వాని సంగతి చెప్తా."

"వచ్చేటప్పుడు చేతులు కడుక్కొని రా కాకా!"

అతను వెళ్ళాడు. కాసేపటికి భోజనాల గదిలో పెద్ద గొడవ మొదలైంది. ఆ తర్వాత, టక్.