రెండో భాగంలో రాణి

శుక్రవారం మధ్యాహ్నం. హాల్లో మగవాళ్ళు సినిమా చూస్తూ ఈలలు వేస్తున్నారు, నేను వంటింట్లో కూర్చుని కడిగిన టిఫిన్ డబ్బాలకు గుడ్డ పీలికలు కడుతున్నాను. కూలీల క్యాంపులో అందరివీ ఒకే రకం స్టీలు డబ్బాలు. చదువు రానివాళ్ళే ఎక్కువ, పేర్లు రాసి లాభం లేదు. అందుకే మెస్ మొదలుపెట్టిన రోజే నా పాత చీరలు చింపి ఒక్కో డబ్బాకు ఒక్కో రంగు కట్టాను. ఎర్రది పోశన్నది, కారం తగ్గించాలి. పసుపుపచ్చది రాజన్నది, షుగర్ మనిషి, అన్నం బదులు రొట్టె పెట్టాలి. తెల్లారి కంపెనీ బస్సు మా సందు చివర ఆగితే, వాళ్ళు రంగు చూసి చెయ్యి వేస్తారు.

చమురు డబ్బుతో దోహా నిండా మేడలు లేస్తున్నాయి. ఆ మేడలు కట్టేవాళ్ళలో మా వైపు వాళ్ళు తినేది ఉమ్ ఘువైలినాలోని ఈ రెండు గదుల ఫ్లాట్‌లో నేను వండిన అన్నమే. మా ఆయన లింబాద్రి మాత్రం అందరితో "నా మెస్" అంటాడు. "మా ఆమె ఖాళీగనే ఉంటది, జర వండుతది" అంటాడు. ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా అత్త, "దుబాయ్‌ల కూసోని తింటున్నవ్, నీకేం బాధ?" అంటుంది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. జ్వరంతో కాలుతూ కూడా గంజి వార్చాను. చేతుల మీద నూనె చిందిన మచ్చలు ఇంకా పోలేదు. ఖాళీ అట, ఖాళీ! ఆ మాట విన్నప్పుడల్లా గరిటె విసిరికొట్టాలనిపిస్తుంది.

సినిమా పెట్టింది మా మరిది ముత్యం. ఈమధ్యే కొత్త వీసా మీద వచ్చాడు. మాయకత్తి కథ, రెండో భాగం. మొదటి భాగం నేనూ చూశాను. అందులో అగ్నిగుండంలో చెయ్యి పెట్టి కత్తి తీసింది రాణి. చెయ్యి కాలింది ఆమెకే. ఇప్పుడు వయసు మళ్ళిన హీరో ఆ కత్తిని తమ్ముడి చేతిలో పెడుతున్నాడు. డప్పులు, పూలవాన. రాణి హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది. ఆమెకు సినిమా మొత్తంలో ఒక్క మాట లేదు.

నేను టీ తెచ్చేసరికి కింది ఫ్లాట్ నఫీసా అడుగుతోంది. "అన్నా, కత్తి తీసింది రాణి గదా?"

"ఎవలు తీసిన్రో ఎవలడుగుతరు నఫీసా? ఎవల చేతికొచ్చింది, గదే లెక్క," అని మా ఆయన నవ్వాడు. ఆ ఊపులోనే తమ్ముడి భుజం తట్టాడు. "రేపటి సంది మెస్ ముత్యందే. దుకాణం గూడ సూసిన. 'ముత్యం మెస్' అని బోర్డు రాయిస్తున్న."

ట్రే కింద పెట్టాను. "మరి నేను?"

"నీకేంది? ఎప్పటోలె వండుడే. ఇంట్లనే ఉంటవ్ గద!"

ముత్యం టీ అందుకుంటూ, "వదినా, రేపటికి శనగలు నానేసినవా?" అన్నాడు.

నన్ను అడగలేదు. అడగాలని కూడా వాళ్ళకు తోచలేదు. ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, కట్టిన పీలికలన్నీ విప్పడం మొదలుపెట్టాను. రాని ముడులను పళ్ళతో లాగాను. నఫీసా వెనకాలే వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నవ్ గంగామణీ?"

"నీ స్టవ్ మీద ఇద్దరం కలిసి వండుదామా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "కబ్ సే?"

"రేపటి సందే."

"చల్, వండుదాం. కొత్త డబ్బాలు ఇప్పుడే పోయి తెస్త."

ఖాళీ డబ్బాలు తెచ్చి ముత్యం ముందు పెట్టాను. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

"వదినా, పోశన్నది ఏది?"

పీలికలు కొంగున ముడేసుకున్నాను.

"వాడు అడుగుతుండు గదనే, మాట్లాడవేంది?" అని మా ఆయన అరిచాడు.

చెప్పులు వేసుకున్నాను. "రెండో భాగంల రాణికి మాటలు లేవు గద," అన్నాను.

నఫీసా వెంట మెట్లు దిగాను. తెల్లారి బస్సు ఆగితే, వాళ్ళు రంగు చూసే చెయ్యి వేస్తారు.