ఒంటెనిచ్చి తెచ్చిన బక్క కుక్క

అర్బాబ్, అంటే మా అరబ్బు యజమాని, పాలిచ్చే ఒంటెను ఇచ్చి ఒక బక్క కుక్కను తెచ్చుకున్నాడట. ఈ మాట హలీమాబీ తన తమ్ముడు ఖాదర్ హుస్సేన్‌తో అన్నదట, ఖాదర్ హుస్సేన్ మాతో అన్నాడు. హలీమాబీ అర్బాబ్ ఇంట్లో వంట చేస్తుంది కాబట్టి ఆమె మాటకు మా దగ్గర రేడియో వార్తకున్నంత విలువ. ఆ కుక్క మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో, తివాచీ మీద పడుకుంటుందట. ఆ తివాచీ ఆషామాషీది కాదట. అర్బాబ్ తండ్రి ముత్యాలు అమ్మే రోజుల్లో బొంబాయి నుంచి తెచ్చిందట. చిన్నప్పుడు అర్బాబ్ కూడా తండ్రి వెంట అక్కడికి పోయేవాడట. అట్లాంటి తివాచీ మీద కుక్క. హలీమాబీ నోరు జారి దాన్ని కల్బ్, అంటే కుక్క, అన్నదట. అర్బాబ్ కాఫీ గిన్నె కింద పెట్టి "కల్బ్ కాదు, సలూకీ" అన్నాడట. సలూకీ అంటే అరబ్బుల వేటకుక్క జాతి.

"కుక్కను కుక్క అంటే ఆయనకు రోషం. మనల్ని కుక్క అన్నా మనకు రోషం రాకూడదు" అని ఆమె చివర్లో కలిపిందట. అది వార్త కాదు, ఆమె సొంతం.

ఇది డెబ్బై తొమ్మిదిలో సంగతి. మఫ్రఖ్ అనే కూడలి దాటినాక ఇసుకలో అర్బాబ్‌కు ఒక తోట ఉండేది. ఖర్జూర చెట్లు, మేకలు, ఒక బోరు. బీయే పాసై ఆ బోరు మోటారు నొక్కే ఉద్యోగం నాది. మేకలను లచ్చన్న చూసేవాడు. ఖాదర్ హుస్సేన్ జీపు తోలేవాడు. మాలో అరబ్బీ వచ్చింది ఆయనకొక్కడికే. అందుకని అర్బాబ్ ముందు మా అందరికీ నోరు కూడా ఆయనే.

మావాడే హన్మాండ్లని ఒకడు, అప్పటికి మా దగ్గర లేడు. అర్బాబ్ కట్టిస్తున్న బిల్డింగులో ఇనుప సలాకలు కట్టేవాడు. ఒకరోజు అర్బాబ్ అక్కడికి పోయి, వేటకుక్కలను సాకిన మనిషి మీలో ఎవరైనా ఉన్నాడా అని ఖాదర్‌తో అడిగించాడు. ప్రశ్న పూర్తి కాకముందే హన్మాండ్లు చెయ్యి లేపాడు. మధ్యాహ్నం ఎండకు కాలిన సలాకను పట్టుకున్న చెయ్యి ఏ ప్రశ్నకైనా లేస్తుంది.

జీపు దిగి తోటలో నీడలు చూసుకుంటూ నడుస్తున్న వాణ్ణి లచ్చన్న పక్కకు లాగాడు. ఇద్దరిదీ మెట్‌పల్లి దగ్గర ఒకటే ఊరు, వరసకు బావ.

"బావా, కుక్కలను సాకింది మీ మేనమామ పోశయ్య. నువ్వు ఎనుక సంచి మోసినవ్."

"సంచి మోసినోనికి కుక్క తెల్వదారా?"

"సంచి తెలుస్తది."

"నువ్వు మేకల కాడికి పో. ఈ నీడ నాకు కుదిరినంక నువ్వే మురుస్తవ్."

పని మాత్రం పరీక్ష తర్వాతే ఖాయం. షెడ్డు ముందు రెండు కుక్కలను నిలబెట్టారు. ఒకటి ఒంటెనిచ్చి తెచ్చింది. దాని పేరు రీమ్, అంటే ఇసుక జింకట. ఇసుక రంగు, సన్నటి మూతి, చెవులకు పట్టు కుచ్చుల్లాంటి వెంట్రుకలు. పక్కబొక్కలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. రెండోది ఎవరో తెల్లదొర దేశం పోతూ అర్బాబ్‌కు ఇచ్చిపోయిన నల్లది. బర్రె దుడ్డెలా ఉండేది. మేకల తొట్టిలో దిగి ఈదడం తప్ప అది చేసిన పని నేను చూడలేదు. ఈ రెండిట్లో వేటకు ఏది అని ప్రశ్న.

మా దిక్కు వేట అంటే అడవి పంది. ఈటెలు పట్టుకొని మనుషులు ఒక పక్క, కుక్కలు ఒక పక్క. పంది చెవి పట్టుకొని ఊగులాడే కుక్కకు ఛాతీ కావాలి, మెడ కావాలి, బరువు కావాలి. నోట్లో అంగిలి నల్లగా ఉండాలి, కాళ్లకు ఇరవై గోళ్లుండాలి. హన్మాండ్లు గొంతుక్కూర్చొని ఈ లెక్కనే చూశాడు. నల్లదాని నోరు తెరిచి తలూపాడు. రీమ్ నోరు తెరిచి, లోపల గులాబీ రంగు చూసి, పెండ్లిచూపుల్లో పిల్ల నచ్చని మనిషిలా మూసేశాడు.

ఖాదర్‌ది రాయచోటి. మాతో శుభ్రంగా తెలుగే మాట్లాడతాడు. అయినా సాయెబుతో మాట్లాడితే హిందీలో మాట్లాడాలని హన్మాండ్లు పట్టుదల.

"ఖాదర్ భాయ్, కాలా సహీ. పత్లా గలత్" అన్నాడు. నల్లది సరైంది, బక్కది తప్పు అని.

ఖాదర్ మొహం మాడింది. అర్బాబ్ వైపు తిరిగి అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత మాకు చెప్పాడు: "ఈ మనిషి అంటాండాడు, సలూకీ ముందర ఆ నల్లది గాడిదంట."

అర్బాబ్ మీసం మీద చెయ్యి పెట్టుకొని దగ్గాడు. ఆ దగ్గు కొంచెం ఎక్కువసేపు దగ్గాడని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఈలోగా రీమ్ వచ్చి హన్మాండ్లు చెయ్యి వాసన చూసి, వాడి కాలి పక్కనే ముడుచుకొని పడుకుంది. కొత్తవాళ్లను అది దగ్గరికి రానివ్వదని అందరికీ తెలుసు. అర్బాబ్ దాన్ని చూశాడు, వాణ్ణి చూశాడు.

"ఖలాస్, ఇతనే" అన్నాడు.

జీపు పోయేముందు ఖాదర్ హన్మాండ్లు భుజం పట్టుకున్నాడు. "నీ జవాబు గలత్, నేను చెప్పింది సహీ. బతికిపోయినావ్. ఇంగ ఇను. దీనికి పొద్దున రొన్ని పాలు, సాయంత్రం నాలుగు ఖర్జూరాలు, ఎప్పుడన్నా ఇంత మాంసం. రోజూ ఉరికించు. నేనొచ్చినప్పుడు జీపు ఎనకాల ఉరికిస్తాం. చలికాలం రాంగానే అర్బాబ్ తమ్ముళ్లతో కుందేళ్ల వేటకు పోతాడు. ఇది ఉరికిందా, నువ్వీడ. ఉరకలేదా, నువ్వు సలాకల కాడ."

అర్బాబ్ ఖోర్ ఫక్కాన్‌లో రేవు పని మీద అదే వారం వెళ్లిపోయాడు. హన్మాండ్లు ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది. మా హన్మాండ్లుకు తీరిక దొరకడం మంచిది కాదు.

"ఇంత షావుకారు, ఒంటెనిచ్చి కొన్న కుక్కకు జరన్ని పాలు పొయ్యమంటడారా?" అన్నాడు మాతో. "ఖాదర్ భాయ్ మొన్న నా మాటను అటు తిప్పి చెప్పిండు. ఇయ్యాల ఆయన మాటను ఇటు తిప్పి చెప్పకుంట ఉంటడా?"

నేను బీయే చదివినవాణ్ణి కదా, ఆ తర్కంలో నాకు తప్పు దొరకలేదు.

"ఇంటి ముంగట కుక్కకు బొక్కలు కనవడితే ఆ ఇంటికి ఇజ్జత్ ఉండది" అన్నాడు హన్మాండ్లు. "అర్బాబ్ వచ్చేసరికి దీన్ని నల్లదాని లెక్క చేస్త."

మొదలుపెట్టాడు. రొట్టె తునకల్లో పాలు పోసి, పైన నెయ్యి వేసి, ముందు పెట్టేవాడు. రీమ్ వాసన చూసి మొహం తిప్పుకునేది. అర్బాబ్ ఇంటి నుంచి వచ్చిన మేక కాళ్లను ఉడికించి పెట్టేవాడు. రెండు ముక్కలు తిని లేచిపోయేది. "సిగ్గువడుతున్నది. కొత్త ఇల్లు" అని, ముద్దలు చేసి, గదుమ పట్టుకొని, "ఇది మీ అవ్వ ముద్ద, ఇది మీ అయ్య ముద్ద" అంటూ నోట్లో పెట్టేవాడు. ఎంత జింక జాతైనా కుక్క కుక్కే. చివరికి మరిగింది.

నల్లది పక్కన కూర్చొని చొంగ కార్చేది. దానికి పెట్టేవాడు కాదు. అది సహీ కుక్క కాబట్టి దానికి మరమ్మతు అవసరం లేదని వాడి లెక్క.

ఉరికించడం కూడా మానలేదు, తన పద్ధతిలో. చొక్కా జేబు నిండా ఖర్జూరాలు పోసుకొని బయల్దేరేవాడు. రీమ్ ముందుకు కొంత దూరం ఉరికేది. ఈల వేసేవాడు. అది వెనక్కి వచ్చి ముందు కూర్చొని జేబులో మూతి పెట్టేది. ఒక ఖర్జూరం. మళ్లీ ఉరుకుడు, మళ్లీ ఈల, మళ్లీ ఖర్జూరం. కొన్నాళ్లకు ఈల కూడా అవసరం లేకపోయింది. కాస్త ఉరికి దానంతట అదే వచ్చి జేబు వెతుక్కునేది.

"చూస్తివా? పంది గుచ్చుతదనుకున్నప్పుడు కుక్కను ఎనుకకు పిలవాలె. పిలవకుంటే రాని కుక్క వేటల సస్తది. ఇది పిలవకున్నా వస్తున్నది" అన్నాడు లచ్చన్నతో.

"ఈడ పందులు లేవు బావా."

"అలవాటు మంచిది."

జీపు వెనకాల ఉరికించే రోజున దాని కాలికి ముల్లు గుచ్చుకుందని ఒకసారి, వంట్లో బాగాలేదని ఒకసారి ఖాదర్‌ను పంపేశాడు. నిజానికి మధ్యాహ్నం తిండి అరగక అది షెడ్డు నీడలో కాళ్లు చాపి పడుకొని ఉండేది. హన్మాండ్లు కూడా పక్కన అట్లాగే పడుకొని ఉండేవాడు. ఎవరి పొట్ట ముందుకు వచ్చిందో చెప్పడం కష్టం.

ఒక శుక్రవారం హలీమాబీ తోటకు వచ్చింది. రీమ్‌ను చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏంది హన్మాండ్లూ ఇది? సీమంతానికి కూచోబెట్టిన ఆడకూతురు మాదిరుండాది."

"దిష్టి పెట్టకక్కా" అని నవ్వి, ఆమె పోయాక నిజంగానే ఎండు మిరపకాయలతో దిగదుడిచి నిప్పుల్లో వేశాడు. రీమ్ తుమ్మింది. దిష్టి ఎంత ఉందో చూడండన్నాడు.

చలి మొదలైంది. పొద్దున్నే ఖర్జూర మట్టల మీద మంచు బొట్లు కనబడే రోజుల్లో అర్బాబ్ వచ్చాడు. రీమ్ ఎదురుపోయింది. ఉరుకుతూ కాదు, మర్యాదగా నడుచుకుంటూ. అర్బాబ్ నవ్వుమొహంతో వంగి దాని నడుము మీద చెయ్యి వేశాడు. సలూకీకి వీపు చివర రెండు తుంటి ఎముకల మధ్య గుంట ఉండాలి, వేళ్లు పెడితే దిగాలి. వాళ్లు దాని ఉరుకుడును అక్కడ చూస్తారట. అర్బాబ్ వేళ్లు దిగలేదు. మళ్లీ పెట్టి చూశాడు. గుంట ఉండాల్సిన చోట మెత్తటి దిండు ఉంది. ఆయన నవ్వు మెల్లగా వెనక్కి పోయింది.

ఏదో అడిగాడు. ఖాదర్ గొంతు సవరించుకొని ఏదో చెప్పాడు. తోట గాలి దీనికి బాగా పడిందని చెప్పాడట.

అర్బాబ్ గాలి వైపు చూశాడు. తమ్ముళ్లు అప్పటికే జీపులు కట్టుకొని వచ్చి ఉన్నారు, వేట ఆపితే పరువు తక్కువ. "రేపు మైదానంలో చూద్దాం. ఉరికితే ఇక్కడ, లేకుంటే సలాకలు" అన్నాడు. ఈసారి ఖాదర్ ఉన్నదున్నట్టు చెప్పాడని మేమందరం నమ్మాం.

హన్మాండ్లు ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. కుక్కకు మాత్రం పూర్తిగానే పెట్టాడు.

మర్నాడు పొద్దెక్కాక చిన్న చిన్న పొదలున్న మైదానంలో జీపులు ఆగాయి. చాయ్ కాచడానికి ఖాదర్ నన్నూ లచ్చన్ననూ వెంట తీసుకొచ్చాడు. అర్బాబ్ తమ్ముడి సలూకీ ఒకటి, మా రీమ్ ఒకటి. రెండూ పట్టీల మీద నిలబడ్డాయి. తమ్ముడి కుక్క లాగి కట్టిన దారంలా ఉంది. మాది ఆ దారం చుట్టిన ఉండలా ఉంది.

పొద కింద నుంచి కుందేలు లేచింది. పట్టీలు వదిలారు.

రీమ్ దూకింది. నిజం చెప్పాలి, మొదటి ఉరుకుకు నా ఒళ్లు జలదరించింది. ఆ నెయ్యి కింద, ఆ ముద్దల కింద, ఎక్కడో ఇసుక జింక ఇంకా ఉంది. చెవుల కుచ్చులు వెనక్కి పడ్డాయి, కాళ్లు నేల తాకుతున్నట్టే లేవు. తమ్ముడి కుక్కను దాటింది. హన్మాండ్లు నా చెయ్యి పట్టుకున్నాడు. "చూడు, చూడు" అంటున్నాడు. ఖాదర్ చాయ్ గిన్నె వదిలి లేచి నిలబడ్డాడు. కుందేలుకూ దానికీ మధ్య జానెడు దూరం.

అక్కడ దానికి ఏదో గుర్తొచ్చింది.

వేగం తగ్గింది. ఆగింది. కుందేలు పోతున్న దిక్కును ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, నాలుక వేలాడేసుకొని, మా దగ్గరికి నింపాదిగా వచ్చింది. అందరి ముందు నుంచి నడిచి హన్మాండ్లు ఎదురుగా కూర్చొని, వాడి చొక్కా జేబులో మూతి పెట్టింది.

దూరంగా తమ్ముడి కుక్క కుందేలును పట్టింది. తమ్ముళ్లు నవ్వు ఆపుకోలేక జీపు బానెట్ మీద వాలారు. అర్బాబ్ ఒక్కడే నవ్వలేదు. నడుచుకుంటూ వచ్చి హన్మాండ్లు ముందు నిలబడ్డాడు. రీమ్ ఇంకా జేబు వెతుకుతూనే ఉంది.

హన్మాండ్లు కళ్ల ముందు సలాకలు కనబడ్డాయేమో, కుక్క మూతిని పక్కకు నెట్టి ఖాదర్ చెయ్యి పట్టుకున్నాడు. హిందీ కూడా మరిచిపోయాడు, మళ్లీ గుర్తు తెచ్చుకున్నాడు.

"చెప్పు ఖాదర్ భాయ్. ఈ జాతే వేటకు పనికిరాదని చెప్పు. నేను మొదలే అన్న. కాలా సహీ, పత్లా గలత్ అన్న. నువ్వే తిప్పి చెప్పినవ్. ఇప్పుడన్న ఉన్నదున్నట్టు చెప్పు భాయ్."

ఖాదర్ నోరు తెరిచాడు. అర్బాబ్ వైపు తిరిగి అరబ్బీ మొదలుపెట్టబోయాడు.

ఈసారి ఆ నోరు అవసరం లేకపోయింది. అర్బాబ్ చెయ్యెత్తి ఖాదర్‌ను ఆపి, సూటిగా హన్మాండ్లు మొహంలోకి చూస్తూ, అచ్చమైన బొంబాయి బజారు హిందీలో అన్నాడు:

"సలూకీ సహీ. ఆద్మీ గలత్."