ఐదో మనిషి

ఆ వీధి సంఘానికి ఎవరినీ పల్లెత్తు మాట అనే అలవాటు లేదు. వేరే వీధుల్లో సంఘం మీటింగంటే కుర్చీలు విరుగుతాయి, చొక్కా గుండీలు తెగుతాయి, మర్నాడు అదే మనుషులు భుజాల మీద చేతులేసుకుని తిరుగుతారు. ఇక్కడ అలాంటి మోటు వ్యవహారాలు లేవు. అధ్యక్షుడు మందుల షాపాయన. రోగికి దగ్గు మందు చేతికిచ్చి జాగ్రత్తలు చెప్పినంత మెత్తగా మాట్లాడతాడు. కార్యదర్శి బ్యాంకులో చేసి రిటైరైన మేడం. వాళ్ళు కాక ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు ఒకడు, ఎప్పుడూ నోరు మెదపని లెక్కల మాస్టారు ఒకరు. ఐదో కుర్చీలో ఇదివరకు పశువుల డాక్టరు ఉండేవాడు. ఆయన ఉన్నట్టుండి ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయాక ఆ కుర్చీ కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడకి వచ్చింది. ఆయన ఎందుకు వెళ్ళాడని ఆవిడ అడగలేదు. కోరుకున్న కుర్చీ దొరికినప్పుడు ఎవరు మాత్రం అడుగుతారు?

పదవి మీద మోజుతో కాదు, తమ్ముడి కోసం ఆవిడ ఒప్పుకుంది.

తమ్ముడు బస్సు నడిపేవాడు. ఒకరోజు వంతెన దిగుతుంటే బ్రేకులు పడలేదు. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణమూ పోలేదు గాని, వాడి బుర్రలో ఏదో కాస్త పక్కకి జరిగింది. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు, బస్సెక్కనూ లేదు. అక్క ఇంటికి చేరాడు. వీధిలో ఎవరి కారు కదిలినా పరిగెత్తుకెళ్ళి వెనక నిలబడి, "రానీ, రానీ, ఎడమకి కొట్టు, ఆగాగు!" అని చేతులు ఊపుతాడు. అది మంచిదే. కాని ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం బండీ లేదు, మనిషీ లేడు, ఖాళీ రోడ్డు మీద నిలబడి అలాగే చేతులు ఊపుతుంటాడు. కిటికీలోంచి చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది, వాళ్ళని అనడానికి లేదు.

అంతకుముందు అద్దెకున్న రెండు చోట్లా ఇంటివాళ్ళు మర్యాదగా ఖాళీ చేయించారు. ఇల్లు మారిన ప్రతిసారీ వాడు మంచం పట్టాడు. రెండోసారైతే అన్నం ముద్ద నోట పెట్టక, అక్కని కూడా గుర్తుపట్టక, ఆసుపత్రిలో మంచానికి కట్టేసేదాకా వెళ్ళొచ్చాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పంపలేమని అక్కడి డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే ఆవిడ రెక్కలు ముక్కలు చేసుకుని ఈ వీధిలో సొంత ఇల్లు కొంది. సంఘం వాళ్ళు రమ్మంటే అందుకే ఎగిరి గంతేసింది. సంఘంలో మనిషినైతే సంఘం మా జోలికి రాదనుకుంది. ఎంత చదువుకున్నవాళ్ళయినా చేసే పొరపాటే, కాని ఆవిడ దీన్ని తెలివనుకుంది.

చేరిన కొత్తలో పనులు మామూలుగానే ఉండేవి. కాలవ పూడిక, వెలగని దీపం, గేటు దగ్గర చెత్త. ఆ తరవాత ఒక సాయంత్రం అధ్యక్షుడు, "రేపు ప్రెస్సాయన ఇంటికి పలకరింపుకి వెళ్దామండీ, అందరం" అన్నాడు.

శుభలేఖలు అచ్చువేసే ఆ ప్రెస్సాయనకి ఒక కూతురు. పదేళ్ళది, మాటలు రాలేదు, కోపమొస్తే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడుతుంది.

"ఆ పిల్ల సంగతి మాట్లాడ్డానికా?" అంది ఆవిడ.

"అయ్యో, ఆ మాటే ఎత్తొద్దమ్మా. పాపం, కన్నవాళ్ళ మనసు ఎంత కష్టపడుతుంది! ఇచ్చింది తాగుదాం, కాసేపు కూచుని లేచొద్దాం."

"మరి వాళ్ళకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది" అంది మేడం, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఐదుగురం వెళ్తే తెలుస్తుంది. నలుగురమే వెళ్తే ఇరుగుపొరుగు వెళ్ళినట్టుంటుంది, అంతే."

మర్నాడు సాయంత్రం, అందరూ పనుల నుంచి వచ్చి కిటికీలు తీసుకునే వేళకి, ఐదుగురూ రోడ్డు మధ్య నుంచి వరసగా నడిచి వెళ్ళారు. కార్లున్నవాళ్ళూ నడిచారు. ప్రెస్సాయన చేతులకి ఇంకా సిరా మరకలున్నాయి. గబగబా సోఫా మీద ఉతికిన దుప్పటి పరిచాడు. అతని భార్య లోపల్నుంచి వచ్చి, అధ్యక్షుణ్ణీ మేడంనీ చూసి బిక్కమొహం వేసింది. చివర్న కళ్ళజోళ్ళావిడని చూడగానే మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది.

"హమ్మయ్య, మీరూ ఉన్నారా అక్కా! వీళ్ళందర్నీ చూసి ఏమిటోననుకున్నాను."

వాళ్ళ పిల్లకి కళ్ళజోడు చేసింది ఆవిడే. తల విదిలించినా పడిపోకుండా వెనక సాగే పట్టీ కుట్టి మరీ ఇచ్చింది.

"ఏం లేదమ్మా, ఊరికే చూసి పోదామని" అంది ఆవిడ. అని, ఊరుకోలేక, కర్టెన్ల రంగు బాగుందంది, గుడ్డ ఎక్కడ కొన్నారంది, ఇంట్లోకి వెలుతురు బాగా వస్తోందంది. దుకాణంలో రోజంతా నలుగురితో మాట్లాడే నోరు కదా, మాటలు వాటంతటవే దొర్లాయి. లోపలి గదిలో పిల్ల అరుస్తూనే ఉంది. ఒక్కరు కూడా అటు తల తిప్పలేదు. ఇచ్చిన టీ తాగి, నవ్వి, లేచారు.

తిరిగొస్తుంటే మేడం ఆవిడ భుజం తట్టింది. "మీకు ముందున్న డాక్టరుగారు ఇలాంటి చోట బిగుసుకుపోయి కూచునేవారు. మీరు బాగా కలుపుగోలు మనిషి."

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ మెచ్చుకోలు ఆవిడకి నచ్చింది.

ఆ తరవాత వీధిలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్కడైనా ఎదురు తిరిగేవాడేమో. చూసినవాళ్ళు చూశారు, అంతే. కొట్టువాడు ప్రెస్సాయన ఏం అడిగినా అయిపోయిందనేవాడు. ఎదురింటివాళ్ళు అతను కనబడగానే మోగని ఫోను చెవిన పెట్టుకునేవాళ్ళు. పాలవాడు వాళ్ళ గుమ్మం దాటి వెళ్ళిపోయి, పిలిస్తే, మరిచిపోయానండీ అనేవాడు. అతని భార్య ఒకసారి కళ్ళజోళ్ళ దుకాణం దాకా వచ్చి, అద్దాల తలుపు బయట నిలబడి చూసింది. ఆవిడ బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగింది. ఆ మనిషి వెళ్ళిపోయేదాకా వంగే ఉంది.

కొన్నాళ్ళకి సామాను లారీ వచ్చింది. ఇరుకు సందులోంచి దాన్ని వెనక్కి తీయించింది తమ్ముడే. ఇంటికొచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఎందుకు వెళ్ళిపోతున్నారక్కా? ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు" అన్నాడు.

"వాళ్ళ ఊళ్ళో పనుందట" అంది అక్క.

"నువ్వు చెప్పి ఆపొచ్చుగా? నువ్వు సంఘంలో ఉన్నావుగా. నీ మాట వింటారు."

ఆవిడ లేచి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తన మీద తనకి అసహ్యం వేసింది. అయినా ఒక లెక్క మాత్రం మనసులో చెరగలేదు: వాళ్ళు పోయారు, మేం ఉన్నాం. ఆ లెక్కతోనే ఇంకో రెండిళ్ళకి పలకరింపుకి వెళ్ళింది. అక్కడా మాట్లాడింది.

చివరికి కాంట్రాక్టరు కారు దగ్గర వచ్చింది తంటా. అతను ఫోన్లో ఎవరినో తిడుతూ కారు వెనక్కి తీస్తున్నాడు. తమ్ముడు "ఆగాగు" అని అరుస్తూనే ఉన్నాడు, అతని చెవిన పడలేదు. కారు గోడకి రాసుకుని బంపరు ఊడింది. కాంట్రాక్టరు దిగి, బంపరు చూసి, తమ్ముణ్ణి చూసి, ఒక్క మాట కూడా అనకుండా నవ్వి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నవ్వు సంగతి తమ్ముడు సంబరంగా చెబుతుంటే అక్క గుండెల్లో రాయి పడింది.

తరవాతి మీటింగులో కాలవ గురించీ దీపాల గురించీ మాట్లాడుకున్నారు. లేవబోతుండగా అధ్యక్షుడు, "ఆదివారం సాయంత్రం మీ ఇంటికొస్తామమ్మా" అన్నాడు.

"మీటింగుకా?"

"ఊరికే. పలకరింపుకి."

లేవబోయిన ఆవిడ మళ్ళీ కూచుంది. "వాడు ఎవరికీ కీడు చెయ్యడండీ. పొరపాటు కాంట్రాక్టరుగారిది. కావాలంటే అడగండి."

"ఎవరు కాదన్నారమ్మా? తమ్ముడుగారు బంగారం. మేమేమైనా అన్నామా?" అంటూ అందరి వంకా చూశాడు. నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. లెక్కల మాస్టారు తన గోళ్ళు చూసుకుంటున్నారు.

"నేను రాను" అంది ఆవిడ. "మీతో కూచోను. నలుగురే అవుతారు."

అధ్యక్షుడికి కోపం రాలేదు. కాస్త జాలిగా చూశాడు. "డాక్టరుగారు కూడా ఒకసారి ఇలాగే రానన్నారమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ అడగని ప్రశ్నకి జవాబు అలా అడగకుండానే వచ్చింది.

ఆదివారం నాడు ఆవిడ పొద్దున్నే దుకాణం తెరిచింది. సాయంత్రం కాకముందే ఇంటికి తాళం వేసి దుకాణానికి వచ్చెయ్యమని తమ్ముడికి ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరిని పలకరిస్తారు? ఇవాళ గడిస్తే రేపు ఏదో ఒకటి చూసుకోవచ్చు. తలుపు వంకే చూస్తూ ఒక కళ్ళజోడుకి అద్దం బిగించబోయి అంచు విరగ్గొట్టింది. వాడు రాలేదు. ఫోను వచ్చింది.

"అక్కా, తాళం వేస్తుంటే మీవాళ్ళు వచ్చారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పొమ్మంటే బాగుండదని కూచోబెట్టాను. నీకోసం చూస్తున్నారు. తొందరేం లేదట, ఎంతసేపైనా కూచుంటారట."

"నువ్వు బయటికొచ్చెయ్. వాళ్ళని అక్కడే వదిలేసి వచ్చెయ్."

"అదేమిటక్కా! ఇంటికొచ్చిన మనుషుల్ని వదిలేసి ఎలా వస్తాను? టీ పెట్టాను. మేడంగారు చాలా బాగుందన్నారు." గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళకి మనింటికి మనుషులొచ్చారే" అన్నాడు. ఆ సంతోషం వింటుంటే ఆవిడకి ఏడుపొచ్చింది.

వాణ్ణి వాళ్ళ మధ్య ఒంటరిగా వదల్లేక దుకాణం అలాగే కట్టేసి బయల్దేరింది. వెళ్ళి వాళ్ళని లేపి పంపాలి, అవసరమైతే గొడవ పెట్టుకోవాలి, జుట్టు పట్టుకునైనా సరే. వీధి మొదట్లోకి వచ్చేదాకా అదే ఆవేశంలో ఉంది. అక్కడ అడుగు మందగించింది.

కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మేడ మీద బట్టలు తీసే ఆవిడ తీయడం ఆపింది. కొట్టువాడు బయటికొచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఆవిడ మొహం చూడటం లేదు, ఆవిడ ఎటు నడుస్తోందో చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది. నలుగురు లోపలికెళ్ళడం వీధి చూసింది. ఇక ఐదో మనిషి కోసం చూస్తోంది. వెళ్ళి పోట్లాడినా, వాళ్ళని బయటికి గెంటినా, బయటివాళ్ళకి అదంతా వినబడదు. వినబడినా పట్టించుకోరు. ఐదో మనిషి ఆ గుమ్మంలో అడుగు పెట్టిందా లేదా అన్నదొక్కటే వాళ్ళకి కావాలి. తన ఇంట్లోకి తను వెళ్తే చాలు, తమ్ముడి పని అయిపోతుంది.

గేటు దగ్గర ఆగిపోయింది. గేటు చువ్వ పట్టుకుని నిలబడింది. లోపలి గదిలో దీపం వెలిగింది. అధ్యక్షుడి మెత్తని గొంతు, ఆ వెంటనే తమ్ముడి నవ్వు వినబడ్డాయి.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. "అక్కా! అక్కడే నిలబడిపోయావేం? రా."

"నువ్వు రా ఇటు" అంది. "నాతో రా. ఎక్కడికైనా వెళ్దాం."

"ఎక్కడికి?"

"చెప్తాను, ముందు రా."

"ఏమైందక్కా? ఎందుకలా ఉన్నావు?" వాడు మెట్లు దిగి గేటు దాకా వచ్చాడు. వాడి కళ్ళలో బెదురు మొదలైంది. ఇల్లు మారే ముందు కనబడే బెదురే అది.

అప్పుడు చెప్పెయ్యాల్సింది. రెండు మాటలు చాలు. కాని ఆ రెండు మాటలకి ముందు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ప్రెస్సాయన ఇంట్లో తను ఎక్కడ కూచుందో చెప్పాలి. ఆ పిల్ల అరుస్తుంటే కర్టెన్ల గురించి మాట్లాడానని చెప్పాలి. ఆ తల్లి దుకాణం ముందు నిలబడితే బల్ల కింద దాక్కున్నానని చెప్పాలి. ఈ లోకంలో తనని మంచిదనుకునేవాడు వీడొక్కడే.

"ఏం లేదురా. గబగబా నడిచి వచ్చాను, కళ్ళు తిరిగాయి."

"మరి చెప్పవేం! లోపలికి రా, మంచినీళ్ళిస్తాను." వాడి మొహం తేటపడింది. ఆవిడ సంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు, చిన్నపిల్లని నడిపించినట్టు చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి పెద్ద బలమేం అక్కర్లేదు. ఆవిడ విడిపించుకోలేదు. మెట్లెక్కింది, గుమ్మం దాటింది. వెనక, వీధిలో, కిటికీలు ఒకటొకటిగా మూసుకుంటున్న చప్పుడు వినబడింది.

గదిలో నలుగురూ మర్యాదగా లేచి నిలబడ్డారు. వాళ్ళ వరసలోనే ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. తమ్ముడు దాన్ని చేత్తో తుడిచి అక్కని కూచోబెట్టి, ఎదురుగా తను నిలబడ్డాడు.

"ఇక అందరూ వచ్చేసినట్టేనా సార్?" అన్నాడు సంబరంగా.

"వచ్చేసినట్టే బాబూ" అన్నాడు అధ్యక్షుడు. "నువ్వూ కూచో."