ముఫస్సల్ రేటు

రామచంద్రయ్య గల్లాపెట్టె మీద రెండు బిల్లులు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే వీడియో గేమ్ క్యాసెట్‌వి. ఒకటి ఖమర్ మొన్న హైదరాబాదులో కొన్నది, నూట యాభై. రెండోది నిరుడు ఆమె తల్లి జన్నత్ బీ ఈ కొత్తకోట దుకాణంలోనే కొన్నది, రెండు వందల నలభై. కంపెనీ ఒకటే, ఆట ఒకటే, డబ్బా మీద కత్తి ఎత్తిన బొమ్మ కూడా ఒకటే. రెండో బిల్లు మీద మాత్రం ఊదారంగు ముద్ర ఉంది: మొఫసిల్ రేటు.

"గీ తొంబై ఎక్కువెందుకు సేటూ?" అని అడిగింది జన్నత్ బీ.

"మొఫసిల్ బీ. పట్నం కానిదంత మొఫసిలే. కొత్తకోటైనా, కోస్గైనా గంతే. కంపెనీ రూలు, అండ్ల నాదేమున్నది?"

"మొఫసిల్ అంటే... పట్నం కాని జాగానా?"

"మరేమనుకున్నవ్?"

జన్నత్ బీ కొంగు ముఖం మీదికి లాక్కుని దుకాణం మెట్లు దిగింది.

ఆమె ఉర్దూ బడిలో అయిదు చదివింది. మూడేళ్ల కింద మొదటి క్యాసెట్ కొన్ననాడు కూతురు ఆ ముద్రను చదివి వినిపిస్తే, "మొఫసిల్ కాదే, ముఫస్సల్ అనాలె" అని దిద్దింది. ముఫస్సల్ అంటే వివరంగా, మొదటి నుంచి చివరి దాకా అని. పట్నంవాళ్లకు అమ్మేది ముక్తసరి ఆట, మనకిచ్చేది పూర్తి ఆట, అందుకే ధర ఎక్కువ అని వీధి అంతా చెప్పింది. ఆమె మాట నమ్మి మరో ఆరుగురు ఆడవాళ్లు తమ ముందుగదుల్లో టీవీలు పెట్టి, అదే ముద్ర ఉన్న క్యాసెట్లు కొన్నారు. పిల్లలు అరగంటకు రెండు రూపాయలిచ్చి ఆడుకుని పోయేవారు.

లారీ మీద నుంచి పడి నడుం విరిగిన వహీద్ జన్నత్ బీ ముందుగదిలోనే మంచం మీద ఉంటాడు. భర్తను వదిలి జన్నత్ బీ కూలికి పోలేదు. ఆ ఆట నడిస్తేనే బియ్యం, ఆయన మందులు.

ఆ మధ్యాహ్నం ఏడుగురూ వహీద్ మంచం పక్కనే కూర్చున్నారు. ఖమర్ నిలబడి చెప్పింది: "పట్నంల మా ఖాలా ఇంట్ల ఆఖరి దాక ఆడి చూసిన. గదే కోట, గదే రాక్షసుడు. ఒక్క మెట్టు గూడ తక్కువ లేదు."

"అయితే నా నాలుగు గొర్లు నీ ఉర్దూల పోయినయి బీ" అంది భద్రమ్మ. ఆమె గొర్రెలమ్మి టీవీ కొన్నది. అందరూ నవ్వారు. జన్నత్ బీ కూడా నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"తప్పు నాదే చెల్లె. కని ముద్ర కొట్టింది నేను కాదు గదా."

"దూరమని ఎక్కువ గుంజుతుండ్రేమో" అంది సుక్కమ్మ.

"అరచెయ్యంత లేదు గది. మోసుడుకు ఎడ్లబండి కావాల్నా?" అని ఎగిరింది భద్రమ్మ. "పట్నపోళ్లకు పది దుకాణాలున్నయి, తక్కువకిస్తరు. మనకు గీ ఒక్క సేటే దిక్కు. యాడికి పోతరులే అని గదా!"

"పోదం మరి" అంది ఖమర్. "పట్నం పోదం. అందరివి ఒక్కతాన కొందం. ముద్ర క్యాసెట్ ఇగ ఎవ్వరు కొనొద్దు."

కోడిగుడ్లు అమ్మింది ఒకరు, చిట్టీ పాడింది ఒకరు. ఖమర్ పట్నం పోయి పద్నాలుగు క్యాసెట్లు తెచ్చింది. వీధిలో మూడు రోజులు పండుగే.

నాలుగో రోజు పోలీసు జీపు వచ్చింది. వెనక రామచంద్రయ్య స్కూటరు. ఏరియా ముద్ర లేని సరుకు దొంగసరుకని ఆయన కంప్లైంటు. ఏడు ఇళ్లలో క్యాసెట్లు తీసుకున్నారు, టీవీలు కూడా ఎత్తారు. వహీద్ మంచం మీద నుంచి లేవలేక, "సారూ, వైరు గుంజకుండ్రి, గోడ పెచ్చులూడుతయి" అన్నాడు. అంతకు మించి ఆయన ఏం అనగలడు? టీవీ మీద ఖమర్ కుట్టిన పూలగుడ్డ నేల మీద పడి ఉంది.

ఆడవాళ్లు మండలాఫీసుకు పోయారు. ధర మా పని కాదన్నారు. పన్నుల ఆఫీసుకు పోయారు. బిల్లు ఉంది కదా, ఇంకేం కావాలన్నారు. ఎస్టీడీ బూతు నుంచి కంపెనీకి ఫోను చేస్తే, మీ ఏరియా ఏజెంటును కలవమన్నారు. తిరిగి తిరిగి రామచంద్రయ్య మెట్ల దగ్గరికే వచ్చారు. ఆ వారమే మొఫసిల్ రేటు ఇంకో ఇరవై పెరిగింది.

తర్వాత ఎస్సై కబురు పెట్టాడు. ఏడుగురూ ఖమర్‌ను వెంటబెట్టుకుని వెళ్లారు.

"తప్పయిందని, ఇగ సేటు దగ్గర్నే కొంటమని సంతకం పెట్టుండ్రి. టీవీలు ఇడుస్త. లేకుంటే సరుకు తెచ్చిన పిల్ల పేరు కేసుల ఎక్కుతది."

ఖమర్ తన తల్లి చెయ్యి పట్టుకుంది. జన్నత్ బీ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని ముందుకొచ్చింది. ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి సరిగా వెలగలేదు.

"తెప్పించింది నేను. నా పేరు రాయుండ్రి."

"సరే, వాంగ్మూలం ఇయ్యి. యాడ, ఎంతకు కొన్నవో ముక్తసరిగ చెప్పు."

"ముక్తసరి పట్నపోళ్లకు సారూ. మేము ముఫస్సలోళ్లం. పైసలు ఎక్కువ కట్టినం. ముఫస్సల్‌గనే చెప్తం. మా ఆయన లారీ మీదికెల్లి పడ్డ దినం నుంచి మొదలువెడ్త."

ఆమె చెబుతూ పోయింది. రైటర్ కానిస్టేబుల్ మూడు కాగితాలు నింపాడు. ఎస్సై బల్ల మీద చరిచాడు. "నోరు మూస్తవా లోపలెయ్యాల్నా?"

"ఎయ్యుండ్రి సారూ. అండ్లనుంచైనా చెప్త."

జన్నత్ బీని లోపల వేసి తాళం పెట్టారు. ఖమర్ ఏడుస్తూ గోడకు ఆనుకుంది. భద్రమ్మ చెప్పులు వాకిట్లో విడిచి, రైటర్ ముందు చతికిలబడింది.

"నాది గూడ రాస్కో సారూ. గొర్ల కాడ నుంచి చెప్త."

ఆమె వెనక ఇంకో అయిదుగురు కూర్చున్నారు. రైటర్ ఎస్సై వైపు చూశాడు. లోపలి నుంచి జన్నత్ బీ, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది.