బతికుండగా పాడిన శోకం

చిట్టియ్య మాస్టారు పోయారన్న కబురు తలుపులమ్మకి రేవులో తెలిసింది. ధవళేశ్వరం నుంచి పడవ తెచ్చిన ఆమె మరిది బుల్లియ్య ఒడ్డుకి దిగుతూనే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వదినా, పాటల మాస్టారు పోయారంట. జొరమంట. నిన్ననే సమాధి కూడా చేసేశారంట," అన్నాడు.

రేవులో ఉన్న ఆడవాళ్ళు చేపల తట్టలు కిందికి దించేశారు. ఒకామె "మా అమ్మ దంపుడు పాట ఆయన దగ్గరే ఉండిపోయిందే" అంటూ బురదలోనే కూలబడింది. తలుపులమ్మ మాత్రం చేతిలో ఉన్న చేపని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చుట్టుపక్కల లంకల్లో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు పంపేవారు. శవం తలాపున కూర్చుని ఆమె శోకం ఎత్తుకుంటే, అంతవరకూ కన్ను తడవని వాళ్ళు కూడా గోడకి తల ఆనించి ఏడ్చేవారు. అలాంటి మనిషి ఆ పూట శోకం ఎత్తుకోలేదు.

"ఏడవ్వేంటే తలుపులూ?" అంది పక్కనున్న వీరమ్మ.

"ఏడ్చేశాను గదే. ఎండాకాలంలోనే ఏడ్చేశాను."

వీరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. తన తట్ట తీసుకుని పక్కకి జరిగింది.

గోదావరి మీద రైలు వంతెన వేసిన ఆరేడేళ్ళకి జరిగిన సంగతి ఇది. చిట్టియ్య మాస్టారిది ధవళేశ్వరంలో క్రైస్తవుల పేట. బళ్ళో చిన్నపిల్లలకి పాఠం చెప్పేవారు, ఆదివారాలు గుళ్ళో హార్మోనియం వాయించేవారు, పిలిచిన పెళ్ళికల్లా ఫిడేలు పట్టుకుని వెళ్ళేవారు. ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ ఈయన చేతికి ఒక ఫోనోగ్రాఫు ఇచ్చిపోయాడు. తాళం తిప్పితే తిరిగే పెట్టె, దాని మీద మైనపు గొట్టం, ముందు ఒక బూరా. బూరాలోకి పాడితే సూది ఆ పాటని మైనం మీద గీసేది. మళ్ళీ తిప్పితే అదే గొంతు బయటికొచ్చేది.

బడికి సెలవులిస్తే చాలు, మాస్టారు ఆ పెట్టెని భుజానికెత్తుకుని కాలవ పడవల్లో ఊరూరా తిరిగేవారు. పడవవాళ్ళ పాటలు, ఊడుపు పాటలు, ముసలమ్మల జోలపాటలు అన్నీ పట్టేవారు. మనిషి గొంతుని బట్టి బూరాకి ఎంత దూరంలో కూర్చోవాలో ఆయనే చూసి సర్దేవారు. సరిగ్గా రాకపోతే మైనం నున్నగా గీకి మళ్ళీ పాడించేవారు. "మీ పాటలో తప్పు లేదండి, దీనికి వినపడలేదంతే" అనేవారు. కూలికి పోయే ఆడదాన్నయినా ఆయన అండీ అనే పిలిచేవారు. ఒక ఊరి పాటని ఇంకో ఊళ్ళో వినిపించేవారు. పెద్దాపురం జాతరలో ఆత్రేయపురం నుంచొచ్చిన ఒకావిడ, పోయిన తన మేనత్త జోలపాట ఆ బూరాలోంచి విని, పిల్లని ఒళ్ళోకి తీసుకుని కూర్చున్న చోటునుంచి జాతర అయిపోయేదాకా లేవలేదని చెప్పుకునేవారు.

తలుపులమ్మ ఉండే పల్లెవాళ్ళు పేటవాళ్ళని ఇళ్ళ అరుగులెక్కనిచ్చేవారు కాదు. మాస్టారు ఆ మాట ఎవరిచేతా అనిపించుకోకుండా వలలారేసే పాకలో పెట్టె దింపుకునేవారు. పల్లెంతా అక్కడికే వచ్చేది. అన్ని పాటలూ పట్టారు గాని శోకం ఒక్కటీ ఆయనకి దొరకలేదు. అందుకే ఆ ఎండాకాలం తలుపులమ్మని అడిగారు.

"చావు లేకుండా శోకం ఎలా వత్తదండి?" అంది ఆమె.

"ఒకరు పోయారనుకుని పాడండి."

"అనుకుంటే రాదండి. పేరుండాలి. మనిషుండాలి."

"అయితే నా పేరు పెట్టుకోండి," అన్నారు మాస్టారు.

పాకలో ఉన్నవాళ్ళు నవ్వారు. తలుపులమ్మ నవ్వలేదు. "తప్పండి. అలాంటి మాటలనకండి," అంది.

ఆయన బూరాని తుడుస్తూ మెల్లగా చెప్పారు. "మాలో పోయినవాళ్ళ మీద పడి ఏడవనివ్వరు తలుపులమ్మగారండి. పైలోకంలో మళ్ళీ కలుస్తామన్న నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదంటారు. కీర్తన పాడతారు, ప్రార్థన చేస్తారు, మట్టి పోస్తారు. నేను పోయిన నాడు నా మీద ఎవరూ శోకం పెట్టరు. ఎలా ఉంటుందో ఇప్పుడే వినేస్తే పోతుంది కదా."

ఆ మాటకి ఆమె మనసు కరిగింది. జాలి ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఊళ్ళన్నీ ఏడ్పించిన తన గొంతు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. వినాలనిపించింది. చెంగు నెత్తిన కప్పుకుని బూరా ముందు కూర్చుంది.

ఎత్తుకున్నప్పుడు ఆటలాగే ఉంది. రెండో మాటకే కళ్ళు మూతలు పడ్డాయి. మూసిన కళ్ళ ముందు మాస్టారు చాప మీద పడుకుని ఉన్నారు. ఆయన కాళ్ళ బొటనవేళ్ళు కట్టేసి ఉన్నాయి. ఆ తరవాత నోట ఏమొచ్చిందో ఆమెకి తెలియదు. శోకంలో పోయినవాళ్ళని ప్రశ్నలడుగుతారు. జవాబు రాదని తెలిసే అడుగుతారు. ఆమె కూడా ఏదో అడిగింది. అడిగి ఊపిరి తీసుకునే ఆ కాస్త సందులో, బూరా పట్టుకుని వంగి కూర్చున్న మాస్టారు పాటలో మునిగిపోయి, "ఊఁ" అన్నారు.

తలుపులమ్మ కళ్ళు తెరిచింది. మైనం అయిపోయింది. మాస్టారు గొట్టాన్ని మళ్ళీ తిప్పి వినిపించారు. ఆ "ఊఁ" దగ్గరికొచ్చేసరికి పాకంతా గొల్లుమంది. "శవం పలికిందర్రా" అన్నారెవరో. మాస్టారు కూడా నవ్వారు. తలుపులమ్మ మాత్రం నెత్తి మీది చెంగు లాగేసింది.

"గీకెయ్యండి మాస్టారూ," అంది.

"అలాగేనండి."

"నా ముందు గీకెయ్యండి."

"ఇంటికెళ్ళాక గీకేస్తాను. ఇంత బాగా ఎవరూ పాడలేదండి. ఒక్కసారి సువార్తమ్మకి వినిపించి గీకేస్తాను," అన్నారు. సువార్తమ్మ ఆయన భార్య.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

మాస్టారి ఇంటికి వెళ్ళిరావాలని తలుపులమ్మ అనుకుంది గాని వెళ్ళలేకపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంది. అప్పట్నుంచి పట్టపగలే ఆమెకి ఆ "ఊఁ" వినపడడం మొదలైంది. కోడల్ని "నీళ్ళు తెచ్చావా?" అని అడిగేది. కోడలు నోరు తెరవకముందే పక్కనుంచి ఊఁ అనేది. రేవులో "వల లాగేశారా?" అని కేకేస్తే, అవతలి ఒడ్డు నుంచి కాకుండా చెవి దగ్గరే ఊఁ అనేది. అది కోపంగా ఉండేది కాదు. పాట వింటున్న మనిషి ఎలా అంటాడో అలాగే ఉండేది. ఆమెకి దానికే ఎక్కువ భయం వేసేది. క్రమంగా ఎవర్నీ ఏమీ అడగడం మానేసింది.

ఇంతలో ఎగువ లంకలో పోతురాజనే రైతు తల్లి పోయింది. శోకానికి తలుపులమ్మని పిలిచారు. ముసలామె తలాపున కూర్చుని ఎత్తుకుంది.

"ఊళ్ళ పాటలన్నీ మోసిన బుజమా, నిన్నెవరు మోత్తన్నారు నాయనా..."

ఏడుస్తున్నవాళ్ళు ఏడుపాపి చూశారు. ఆమె తల విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే వచ్చింది. ఆ ముసలామె పేరు ఆమె నోట పలకలేదు. మూడోసారి నోరు తెరవబోతుంటే పోతురాజు వచ్చి ఆమె రెక్క పట్టుకుని లేపాడు.

"మా అమ్మ దగ్గర ఇంకెవరి చావో ఏడుత్తావేంటి? ఇంటికెళ్ళు," అన్నాడు.

ఆ సంగతి లంకలన్నిటా పాకింది. బతికున్న మాస్టారి మీద పేరు పెట్టి శోకం పాడి చంపేసిందన్నారు. ఆ తరవాత చావు జరిగిన ఇళ్ళకి ఆమెని ఎవరూ పిలవలేదు. ఆమె ఎదురొస్తే తల్లులు తమ పిల్లల్ని పేరు పెట్టి పిలవడం మానేసి, "ఒరేయ్, ఇలా రా" అనేవారు. తన సొంత మనవడిని కోడలు అలా పిలిచిన రోజు, తలుపులమ్మ గంజి ముట్టకుండా పాకలోకి వెళ్ళి కూర్చుంది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. బుల్లియ్యే పడవలో తీసుకొచ్చాడు. తెల్లచీర, ఒళ్ళో గుడ్డ చుట్టిన పెట్టె. భర్తలాగే ఆమె కూడా అరుగుల వైపు చూడకుండా తిన్నగా వలల పాకలోకి వచ్చింది. తలుపులమ్మ లేచి నిలబడింది.

"తిట్టడానికొచ్చారాండి? తిట్టండి. పడతాను," అంది.

"తిట్టడానికి రాలేదండి." సువార్తమ్మ పెట్టె దింపి చాప మీద కూర్చుంది. కళ్ళు ఎండిపోయినట్టున్నాయి. "ఆయన పోయిన రోజున మా గుళ్ళో వాక్యం చెప్పే ఉపదేశిగారు నా పక్కనే నిలబడ్డారు. ఏడవకమ్మా, ఆయన ప్రభువు దగ్గరికెళ్ళారు అన్నారు. కీర్తనలు పాడారు. నేనూ పాడాను. అందరూ మెచ్చుకున్నారు, ఎంత విశ్వాసమో అని. ఇంటికొచ్చాక ఏడుద్దామంటే రాలేదు. ఇప్పటికీ రాలేదు."

సువార్తమ్మ పెట్టెకి చుట్టిన గుడ్డ విప్పింది.

"ఆయన సామాన్లు సర్దుతుంటే ఈ గొట్టం దొరికింది. మీ శోకం. నాకు వినిపిస్తానని వినిపించకుండానే మంచాన పడ్డారు. తలుపులు వేసుకుని పెట్టుకున్నాను. మీరు ఆయన పేరు పెట్టి ఏడుస్తున్నారు. మధ్యలో ఆయన ఊఁ అన్నారు." ఆమె గొట్టాన్ని తీసి పెట్టె మీద ఎక్కించింది. "రోజూ వింటున్నానండి. వినేకొద్దీ సూది మైనాన్ని తినేస్తోంది. దానికితోడు ఈ వానలకి బూజు పట్టింది. ముందు మీ మాటలు పోయాయి. ఇప్పుడు ఈగలు ముసిరినట్టుంటుంది, అంతే. ఊఁ ఒక్కటే ఇంకా కొంచెం ఉంది. మీరు ఆయన్ని ఏం అడిగారు? దేనికి ఊఁ అన్నారు? అది తెలుసుకుందామని వచ్చాను."

"నాకు తెలీదండి. శోకం గుర్తుండదు. వత్తది, పోతది."

సువార్తమ్మ తాళం తిప్పింది. బూరాలోంచి గరగర వచ్చింది. ఆ గరగరలో ఎక్కడో దూరాన ఒక ఆడమనిషి. తలుపులమ్మ చెవి బూరాకి ఆనించింది. అది తన గొంతంటే నమ్మబుద్ధి కాలేదు. మాటలు దొరకలేదు. తరవాత చిన్న ఖాళీ, అందులో "ఊఁ". నెలల తరబడి తన చెవి దగ్గర పలుకుతున్నది అదే. సువార్తమ్మ పెదవులు బిగపట్టి ఆమె మొహంలోకే చూస్తోంది.

"మళ్ళీ పాడితే ఆ మాట దగ్గరికి వెళ్ళగలరా?" అని అడిగింది.

తలుపులమ్మ బయటికి చూసింది. పాక చుట్టూ పల్లె జనం చేరారు, ఎవరూ లోపలికి రావడం లేదు. ఆమె చెంగు నెత్తి మీదికి లాక్కుంది. బూరాకి వీపు పెట్టి, సువార్తమ్మకి ఎదురుగా కూర్చుంది.

"ఊళ్ళ పాటలన్నీ మోసిన బుజమా, నిన్నెవరు మోత్తన్నారు నాయనా... చిట్టియ్య మాస్టారా, ఏ రేవులో దిగావు నాయనా... అందరి గొంతూ దాచిన చేతులు, నీ గొంతెక్కడ దాచాయి నాయనా..."

ఈసారి తడబడలేదు. మనిషుంది, పేరుంది, చావూ ఉంది. ఒక్కొక్క మాటే తన చోటుకి తాను వచ్చి కూర్చుంటోంది. సువార్తమ్మ ఊగడం మొదలుపెట్టింది. తలుపులమ్మ కళ్ళు మూసుకుంది. చాప మీద ఆయన మళ్ళీ కనపడ్డారు. ఎండాకాలం అడిగిన ప్రశ్న నాలిక చివరికి వచ్చేసింది. ఆ ప్రశ్నేమిటో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఒక్కడివే ఉన్నావా నాయనా, తోడెవరూ లేరా?

దానికి ఊఁ అన్నారు ఆయన.

మాట నోట్లోనే ఆగింది. ఎదురుగా సువార్తమ్మ మొహమంతా చెవులు చేసుకుని ఉంది. తలుపులమ్మ రాగాన్ని ఇంకొంచెం సాగదీసింది. తన జన్మలో ఏ శవం ముందూ చెయ్యని పని చేసింది. వచ్చిన మాటని మింగేసి, ఇంకో మాటని తనంతట తాను వెతుక్కుని పెట్టింది.

"నీ ఇల్లాలు పిలుత్తంది నాయనా, ఇనపడతందా?"

అని ఆగింది.

సువార్తమ్మ ఊగడం మానేసింది. నోరు తెరుచుకుంది. ముందు గాలి మాత్రమే వచ్చింది, తరవాత పొట్టలోంచి ఒక కేక వచ్చింది. ముందుకి ఒరిగి తలుపులమ్మ ఒళ్ళో తల పెట్టి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. పాక బయట నిలబడ్డ వీరమ్మ గుంజకి ఆనుకుని ఏడ్చింది. ఆ వెనక రేవంతా ఏడ్చింది. చిట్టియ్య మాస్టారి మీద ఆ పల్లె ఏడ్చిన ఏడుపు ఎగువ లంకదాకా వినపడిందంటారు.

పొద్దు వాలుతుండగా సువార్తమ్మ మొహం కడుక్కుని పెట్టెకి గుడ్డ చుట్టుకుంది.

"వినపడుతోందా అని అడిగారా?"

"ఆయ్."

"అదేనండీ? ఖాయంగా అదేనా?"

"అదేనండి."

"అందుకే ఊఁ అన్నారు," అని సువార్తమ్మ తనలో తాను అనుకుంది. ఆ మొహంలో వెలుగు చూసి తలుపులమ్మ తల తిప్పుకుంది.

ఆ తరవాత చావు జరిగిన ఇళ్ళవాళ్ళు మళ్ళీ ఒకరొకరే కబురు పెట్టసాగారు. తల్లులు పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచారు. చెవి దగ్గర పలికే ఆ "ఊఁ" కూడా ఆగిపోయింది. తలుపులమ్మకి అదేమీ హాయినివ్వలేదు. మాస్టారు ఇన్నాళ్ళూ తన దగ్గరికి వచ్చింది తోడు కోసమేనేమో, తను అబద్ధమాడి పంపేసిందేమో అనిపించేది. పోయినవాళ్ళకి ఆమె శోకం పాడేది గాని, ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. ఆ తేడా ఎవరికీ తెలిసినట్టు లేదు.

సువార్తమ్మని ఆ సాయంత్రం బుల్లియ్యే దిగబెట్టాడు. తలుపులమ్మ రేవులో నిలబడి చూసింది. నడి ఏటిదాకా సువార్తమ్మ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. తరవాత పక్కనున్న ఖాళీ బల్ల వైపు తిరిగి మెల్లగా ఏదో మాట్లాడింది. మాట్లాడి ఆగింది. తల కొంచెం వంచి విన్నది. మళ్ళీ మాట్లాడింది. బుల్లియ్య గెడ వెయ్యడం ఆపి ఒడ్డున ఉన్న వదిన వైపు చూశాడు. ఆమె చెయ్యెత్తి, పొమ్మని సైగ చేసింది.