మూత పెట్టిన నవ్వులు

వరంగల్ మట్టెవాడలో సారంగపాణి, మొగిలయ్యల ఇళ్లకు అరుగు ఒక్కటే. ప్రతి శుక్రవారం పొద్దున్నే సారంగపాణి భార్య నిర్మల ఆ అరుగు కడిగి, ఇద్దరి గుమ్మాల ముందు చెరో ఖాళీ బిందె పెట్టేది. గురువారం సాయంత్రం టీవీలో ‘మూడు వాటాలు’ చూసిన ఊళ్ల నవ్వులు తెల్లారేసరికి నడిచొచ్చి, తమను ఎవరు నవ్వించారో వాళ్ల బిందెలో దిగేవి. పాలామె సోమక్క పక్కకు జరిగి వాటికి దారిచ్చేది.

ఆ సీరియల్‌లో ఇంటి ఓనరు వేషం సారంగపాణిది. ఆ ఓనరుతో తిట్లు తింటూ కిరాయికుండే కాంపౌండర్ కనకయ్య వేషం మొగిలయ్యది. బట్టలు కుట్టుకునే మొగిలయ్యను హైదరాబాద్ తీసుకెళ్లి ఆ వేషం ఇప్పించింది కూడా సారంగపాణే. ఇప్పుడు తన బిందెలో అడుగున నాలుగు నవ్వులుంటే, మొగిలయ్య బిందె పొర్లిపోయేది. ఒకరోజు బజార్లో ఎవరో “అగో, కనకయ్య దోస్తు పోతాండు” అన్నారు. ఆ పూట సారంగపాణికి అన్నం సయించలేదు.

ఎనభై ఏడులో టీవీవాళ్లు కనకయ్య ఒక్కడి మీదే కొత్త సీరియల్ మొదలుపెట్టారు. మొగిలయ్య కుట్టుమిషను అమ్మేసి అందులో చేరాడు.

“అన్నా, జర ఒక్క వారమన్న వచ్చి నన్ను తిట్టిపో. నువ్వు తిడితెనే నాకు మాట పుడ్తది.”

“తీరిక లేదు తమ్మీ” అన్నాడు సారంగపాణి. ఆ రోజంతా అరుగు మీద ఊరికే కూర్చున్నాడు.

తిట్టేవాడు లేక కనకయ్య తేలిపోయాడు. మొదటి శుక్రవారం ఏడంటే ఏడు నవ్వులొచ్చాయి. అవీ ఓనరు తిట్లకు అలవాటుపడి ముందు సారంగపాణి గుమ్మమే ఎక్కాయి. అతను అటూ ఇటూ చూసి, వాటిని బిందెలోకి తోలి మూత పెట్టేశాడు.

“అవి వాళ్లయి గద” అంది నిర్మల.

“మనింటికొచ్చినయి మనయే.”

ఆరు వారాలు ఇదే పని. అవతల మొగిలయ్య ప్రతి శుక్రవారం తన బిందె వంచి చూసుకునేవాడు. ఏడో వారం సీరియల్ ఆపేశారు.

“ఒక్కలు గూడ నవ్వలే అన్నా” అని చెప్పి, మొగిలయ్య వర్ధన్నపేటలో ఎవరిదో దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పనికి వెళ్లిపోయాడు.

సారంగపాణికి కడుపు చల్లబడాలి. పడలేదు. కుళ్లుకోవడానికి కూడా పక్కన ఎవరూ లేకుండా పోయారు. బిందెలో నవ్వులు మాత్రం లోపలినుంచి మూతను తడుతూనే ఉన్నాయి. చివరికి ఒకరోజు నిర్మల బిందె తెచ్చి అతని ముందు పెట్టింది.

సారంగపాణి బిందె చంకన పెట్టుకొని, వర్ధన్నపేట మీదుగా పోయే ఖమ్మం బస్సెక్కాడు. వర్ధన్నపేట దుకాణంలో మొగిలయ్య సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. సారంగపాణి అతని ముఖం చూడలేక మూత తీశాడు.

“ఇవి నీయే. నేనే దాచిన.”

నవ్వులు ఒక్కొక్కటే లేచాయి. నెక్కొండ ముసలమ్మ బోసి నవ్వు, దవాఖాన నర్సుల కిలకిల. మొగిలయ్య కళ్లు మూసుకొని విన్నాడు. అన్నిటికన్నా చివర ఒకటి ముక్కులోంచి, ఆపుకోబోయి ఆపుకోలేక, భళ్లున తన్నుకొచ్చింది.

మొగిలయ్య కళ్లు తెరిచాడు. “గిది నీది గదా అన్నా!”

సారంగపాణి తలొంచుకున్నాడు. తలుపు వేసుకొని ప్రతి వారం ఆ సీరియల్ చూసి నవ్విన సంగతి అతను నిర్మలకు కూడా చెప్పలేదు.

“గంత మంచిగ చేసిన్నా?”

“చేసినవ్. గందుకే మండింది.”

మొగిలయ్య సూదిని గుడ్డకు గుచ్చి లేచాడు. అంగీ తొడుక్కుంటూ, వరంగల్ బస్సు ఎన్నింటికని అడిగాడు.