వెలగని మూటలు

మాది తమిళనాడులో పొదటూరుపేట పక్క ఊరు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో వేరుశనగ వేయాలంటే, దాచిన విత్తనం వానాకాలమంతా చెడకుండా నిలవాలి. ఈసారి అది మొలవకపోతే చేను బీడు పెట్టి కంపెనీ పనికి పోతానని నాయన ముందే చెప్పాడు.

మా మేనమామ మురళి చెన్నై కాలేజీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. దీపావళికి వచ్చినప్పుడు ఒక్కో మూట మూతి దగ్గర చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం వేలాడదీశాడు. అందులో ఒక కాగితం ముక్క. దానికి యూరోపియం అనే అరుదైన లోహంతో చేసిన మందు పూశారట. ఊదారంగు టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతుంది. గాలిలో చెమ్మ పెరిగేకొద్దీ ఆ వెలుగు తగ్గుతుంది. వెలుగు తగ్గిన మూటను ఎండబెట్టుకోమని చెప్పి, టార్చి నాకిచ్చాడు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది.

కార్తీకంలో వాన వదల్లేదు. విత్తనాల గదిలో తడిగోడ వైపున్న మూటల వెలుగు మసకబారింది. నాయనకు చెప్పాను. ఆయన రోజూ ఆకాశం చూసేవాడు. ఎండ రాలేదు.

మా ఇంట్లో విత్తనం అవ్వ చేతిలో ఉంటుంది. ఆమెను అడక్కుండా నాయన కూడా మూట విప్పడు. ఆమె చిన్నకొడుకు, మా చిన్నాయన మహేష్ వంగతోటకు పురుగుమందు కొడుతూ పడిపోయి, తిరుత్తణి ఆసుపత్రికి చేరకముందే చనిపోయాడు. అప్పటినుంచి అవ్వ చీమలమందు కూడా గడప దాటనివ్వదు. మురళి మామ సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో చెప్పినదాంట్లో ఆమెకు అర్థమైంది ‘కెమికల్’ ఒక్కటే.

అరసంవత్సరం పరీక్షలు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి గదిలో ఒక పక్కంతా ఖాళీగా ఉంది.

“అవ్వా, ఆ మూటలు యాడ?”

“మన కూలి రత్నస్వామి చేత పాడుబావిలో పోయించినా. నీ టార్చేసి చూసినా మే. మందు పట్టి నిప్పుల మాదిరి మండతా ఉండాయి. మేకలు తిన్నా చస్తాయి. ఈ పక్కవి మంచివి, వీటికి ఏమీ అంటలే.”

నేను మిగిలిన మూటలను చూపించాను. “వెలిగేటివే మంచివి అవ్వా. ఇవి చెమ్మ పట్టినాయి.”

“మీ చిన్నాయనకు మందు అమ్మినోడు కూడా మంచిదనే చెప్పినాడు” అంది అవ్వ. చేటలో బియ్యం ఏరుకుంటూ మళ్లీ తలెత్తలేదు.

నాయన బావి దగ్గరికి పరుగెత్తాడు. నల్లటి నీళ్ల మీద కాయలు తేలుతున్నాయి. గంపకు తాడు కట్టి అందినన్ని పైకి లాగాడు. వసారాలో పోస్తే కొన్నాళ్లకే పొట్టు చీల్చుకుని తెల్లటి మొలకలు వచ్చాయి. చేలో ఇంకా మోకాటి లోతు నీళ్లు. వాటిని విత్తడానికి చోటు లేదు. అవ్వ ఆ మొలకలను నిలబడి చూసింది. ఆ పూట అన్నం తినలేదు. నాయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని అమ్మ నాతో మెల్లగా అంది.

తై నెలలో వెలగని మూటలే ఒలిచాం. బూజు పట్టినవి ఏరి పారేశాం. మిగిలినవి చూడటానికి బాగానే ఉన్నాయి. అవే విత్తాం. రెండు వారాలైనా సాళ్లలో పచ్చదనం కనబడలేదు, అక్కడక్కడ ఒక మొక్క తప్ప.

కంపెనీ పనికి నాయన కవరైపేట్టై బస్సెక్కాల్సిన రోజు పొద్దున అవ్వ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ చేనికి పోయాను. సాలు పక్కన కూర్చుని వేలితో మట్టి గీకుతోంది. ఒక గింజ తీసి చిదిమింది. లోపల చెమ్మకు కుళ్లి నల్లగా, జిగటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది.

“మందు వాసన లేదు మే” అంది నాతో.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద నాయన సంచి పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. బస్సు వచ్చింది. అవ్వను లేపబోయాను. ఆమె చెయ్యి విడిపించుకుని ఇంకో గింజ కోసం గీకసాగింది.